తోక మరియమ్మ లాంతరు

"కొవ్వొత్తి ఆరిపోతే వరసలోంచి బయటికి వచ్చేయాలి. ఏడుపులూ సారీలూ ఏం ఉండవు. అర్థమైందా?"

శనివారం సాయంత్రం యానాంలోని చర్చి ఆవరణలో నిలబడి జాస్మిన్ ఇలా ప్రకటించింది. మెడలో మాస్టారి విజిల్. చేతిలో ఇత్తడి సిలువ బిగించిన పొడవాటి కర్ర. ఆరో తరగతి చదివే పిల్లకి ఈ రెండూ ఒకేసారి దొరికితే ఎలా ఉంటుందో మీకు చెప్పాలా!

మర్నాడు చర్చి పండుగ. పండుగ సాయంత్రం మరియ తల్లి స్వరూపాన్ని పూల తేరు మీద పెట్టి ఊళ్లో ప్రదక్షిణం చేస్తారు. ముందు బ్యాండు, తర్వాత తేరు, దాని వెనక పెద్దవాళ్లు, అందరి వెనకా పిల్లల వరస. వీధులన్నీ తిరిగి గోదావరి గట్టు దాకా వెళ్లి వస్తారు. పిల్లలందరి చేతుల్లో కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. ఈసారి పిల్లల వరసకి జాస్మినే లీడర్. ఈ రోజు పాత కొవ్వొత్తి ముక్కలతో రిహార్సల్.

ఆదివారాలు పిల్లలకి సత్యోపదేశం చెప్పే లూయిస్ మాస్టారు కిందటి వారం ఒక పని ఇచ్చారు. హాల్లో గోడకున్న పాత ఫొటోలు చూపించి, "మన చర్చిని నడిపించిన పాతవాళ్లలో ఒకరిని ఎంచుకోండి. ఉపన్యాసం వద్దు. పండుగ రోజు వాళ్లలా ఒక్క పని చేయండి, చాలు" అన్నారు.

జాస్మిన్ ఆలోచించలేదు. పెద్ద గడ్డం ఉన్న విదేశీ ఫాదర్ గారిని ఎంచుకుంది. ఫొటోలో ఆయన సిలువ పట్టుకుని పిల్లల వరసకి ముందు ఠీవిగా నిలబడి ఉంటారు. గడ్డం ఎలాగూ రాదు కాబట్టి సిలువ పట్టుకుంటే సరిపోతుందని ఆమె లెక్క.

వరసలో అందరికంటే చిన్నది కీర్తి. జాస్మిన్ వాళ్ల పక్కింట్లో ఉండే ఆటో వెంకన్న కూతురు, ఒకటో తరగతి. వాళ్లు హిందువులు. అయినా కొవ్వొత్తి పట్టుకోవడం కోసం కీర్తి ఏటా వస్తుంది. యానాంలో ఇదేం వింత కాదు. వాళ్లమ్మ సుబ్బలక్ష్మి గేటు దాకా వచ్చి దింపి వెళ్లింది.

"మా పిల్ల జాగ్రత్తమ్మా జాస్మినూ. ఎటు చూత్తే అటు ఎల్లిపోద్ది."

"నేను లీడర్ని కదా పిన్నీ! నేను చూసుకుంటాను" అంది జాస్మిన్.

మాస్టారు స్కూటర్ తీశారు. "నేను గట్టు దగ్గర ఉంటాను. నువ్వు అందరినీ అక్కడికి తీసుకురా" అని జాస్మిన్‌కి చెప్పి ముందు వెళ్లారు.

విజిల్ మోగింది. వరస కదిలింది. చర్చి పక్కన బ్యాండువాళ్లు డప్పు ప్రాక్టీస్ చేస్తున్నారు. ఆ దెబ్బకి తగ్గట్టు జాస్మిన్ అడుగులు వేసింది. కొట్లలో వాళ్లు తలలు బయటికి పెట్టి చూశారు.

"ఎవరమ్మాయో గానీ బలే నడుత్తుందే!" అంది చేపలు అమ్ముకునే ఒకావిడ.

ఆ మాట వినపడగానే సిలువ ఇంకాస్త పైకి లేచింది. అడుగులు ఇంకాస్త వేగమయ్యాయి. జాస్మిన్ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఫొటోలో గడ్డం ఫాదర్ గారు కూడా వెనక్కి చూడటం లేదు కదా!

గట్టు ఎక్కేసరికి గోదావరి మీంచి గాలి విసురుగా కొట్టింది. మాస్టారు ఎదురొచ్చారు.

"అందరూ వచ్చినట్టేనా?"

జాస్మిన్ అప్పుడు వెనక్కి తిరిగింది. వరస సగమే ఉంది. నవీన్ ఉన్నాడు, ధనశ్రీ ఉంది. కొంతమంది చాలా దూరంలో, ఆరిపోయిన కొవ్వొత్తులు పట్టుకుని ఈసురోమంటూ వస్తున్నారు. వాళ్లలో కీర్తి లేదు.

"కీర్తి ఏదీ?"

"దాని కొవ్వొత్తి ఎప్పుడో ఆరిపోయింది" అంది ధనశ్రీ. "నువ్వే కదా బయటికి వచ్చేయమన్నావు!"

జాస్మిన్ చుట్టూ చూసింది. పక్కనే గోదావరి. కింద రోడ్డు మీద ఆటోలు, లారీలు. ఎటు చూస్తే అటు వెళ్లిపోయే పిల్ల. జాస్మిన్ సిలువని మాస్టారి చేతిలో పెట్టి, వచ్చిన దారినే పరిగెత్తింది. మాస్టారు స్కూటర్ మీద ఇంకో వీధి వెతకడానికి వెళ్లారు.

"కీర్తీ! కీర్తీ!"

చేపల మార్కెట్ దాటింది. మందుల షాపు దాటింది. ఎవరిని అడిగినా చూడలేదన్నారు. జాస్మిన్‌కి ఏడుపు ఆగలేదు. "సుబ్బలక్ష్మి పిన్నికి ఏం చెప్పాలి" అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

మూసి ఉన్న ఒక కొట్టు మెట్టు మీద కీర్తి కూర్చుని ఉంది. పేపర్ కప్పులో ఆరిపోయిన కొవ్వొత్తిని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని ఉంది. అప్పటిదాకా ఏడవలేదు గానీ, జాస్మిన్‌ని చూడగానే పెదవి వణికింది.

"నువ్వు ఎనక్కి చూత్తావని కూర్చున్నానక్కా. నువ్వు చూళ్లేదు."

జాస్మిన్ దాన్ని గట్టిగా పట్టుకుంది.

మాస్టారు తిట్టలేదు. "పిల్ల దొరికింది, దేవుడి దయ" అన్నారు. "రేపు వరసలో ఎవరు ఎక్కడ నడవాలో నువ్వే ఆలోచించి పొద్దున్న చెప్పమ్మా." ఆయన తిట్టి ఉంటేనే బాగుండేదని జాస్మిన్‌కి అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి తెరేసా మామ్మ అరుగు మీద కూర్చుని బంతిపూలు గుచ్చుతోంది. ప్రదక్షిణం ఏటా ఆ అరుగు ముందు నుంచే వెళుతుంది. జాస్మిన్ పక్కన కూలబడి జరిగిందంతా చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. మామ్మ అంతా విన్నాక సూది పక్కన పెట్టింది.

"తోక మరియమ్మ ఉంటే ఇలా జరిగేది కాదే."

"ఎవరు మామ్మా?"

"మా చిన్నప్పుడు పిల్లల వరస ఆవిడదే. అప్పుడు మీకులాగా కప్పులూ గిప్పులూ ఎక్కడియ్యే? కొబ్బరిచిప్పకి చిల్లెట్టి, అందులో కొవ్వొత్తి గుచ్చుకునేవోళ్లం. చెయ్యంతా కొబ్బరి వాసనే. ఈ గోదారి గాలికి అది ఊరికే ఆరిపోయేది."

"ఆరిపోతే?"

"ఆరిపోతే పక్కకొచ్చి ఆగేవోళ్లం. వరస మమ్మల్ని దాటి ఎల్లిపోయేది. ఏం బయం ఉండేది కాదు. ఎందుకంటే ఆకర్న మరియమ్మ లాంతరు అట్టుకుని వత్తదని తెల్సు. ఎలిగించి, ముక్కు తుడిచి, 'పదమ్మా, పరిగెత్తు' అనేది."

మామ్మ వీధి వైపు చూసింది. ఆ లాంతరు ఇప్పుడే మలుపు తిరిగి వస్తుందేమో అన్నట్టు చూసింది.

"మరి తోక అని ఎందుకు పిలిచేవారు?"

"ఆ పేరు మేమే ఎట్టేం, కోతి మూకలం. ఆవిడ నవ్వేసేది. 'తోక లేని గాలిపటం ఎగరేయండర్రా చూద్దాం' అనేది. ముందు నడవమ్మా అని ఫాదర్ గారు ఎన్నిసార్లు చెప్పినా ఇనేది కాదు. 'తప్పిపోయిన గొర్రె కోసం ప్రబువు ఎనక్కే కదండీ ఎల్లేడు' అనేదంట. కాన్వెంటులో వంట చేసుకునే మనిషి. ఇప్పుడు ఆవిడ పేరు ఎవరికి తెల్సు? మీ హాల్లో గోడకున్న ఫొటోలో ఉందిలే. సివర్న చూడు."

మామ్మ మళ్లీ సూది అందుకుని ఇంకో పువ్వు గుచ్చింది.

"ఆవిడ పోయేక లాంతరు మా అమ్మకిచ్చేరు. అటక మీదే ఉండాలి. మోకాళ్లు బాగున్నన్నాళ్లూ నేనూ నడిచేను. ఇప్పుడు వరస నన్ను దాటి ఎల్లిపోతంది. చీకట్లో ఒక్కదాన్నీ ఎనకాల ఎక్కడ నడిచేది? ఈ అరుగు మీంచే దణ్ణం ఎట్టుకుని లోపలికొచ్చేత్తన్నాను."

ప్రదక్షిణం అంటే మామ్మకి ఇష్టం లేదేమో అని జాస్మిన్ ఇన్నాళ్లూ అనుకుంది.

ఆదివారం పొద్దున్న చర్చిలో పూజ అవగానే జాస్మిన్ హాల్లోకి వెళ్లి కుర్చీ ఎక్కింది. గడ్డం ఫాదర్ గారున్న ఫొటోనే. ఆయన వెనక పిల్లల వరస. ఆ వరస వెంబడి వేలు పెట్టి చివరి దాకా చూసుకుంటూ వెళ్లింది. ఫ్రేము అంచు దగ్గర తెల్లచీర కొంగు, ఒక చెయ్యి, ఆ చేతిలో లాంతరు. ముఖం సరిగా కనపడటం లేదు. ఆమె పక్కకి తిరిగి, ఎవరో చిన్న పిల్ల మీదకి వంగి ఉంది.

"మాస్టారూ, నేను ఫాదర్ గారిని మార్చుకుంటానండి."

"ఎవరిని తీసుకుంటావు?"

జాస్మిన్ ఫ్రేము అంచు చూపించింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వచ్చారు. "ఏటా ఈ ఫొటో నేనే తుడుస్తానమ్మా. ఇక్కడ ఒక మనిషి ఉన్నారని చూడనే లేదు" అన్నారు.

సిలువా విజిలూ నవీన్‌కి వెళ్లాయి. వాడు ఎగిరి గంతేశాడు.

"ఒక్క మాట" అంది జాస్మిన్. "మధ్యమధ్యలో వెనక్కి చూడు. లాంతరు కనపడకపోతే ఆగిపో."

"లాంతరేంటి?"

"సాయంత్రం చూస్తావుగా."

నాన్న అటక ఎక్కి లాంతరు దించాడు. నిండా బూజు, తుప్పు. కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? అద్దం కడిగి లోపల లావుపాటి కొవ్వొత్తి పెట్టాడు. మామ్మ మధ్యాహ్నం నిద్రలో ఉండటం వల్ల ఇదేమీ ఆమెకి తెలియదు.

పొద్దుగూకింది. పక్కనున్న కనకాలపేట నుంచి, మెట్టకూరు నుంచి జనం వచ్చారు. బ్యాండు మోగింది, తేరు కదిలింది. పెద్దవాళ్ల వెనక పిల్లల వరస, దాని చివర జాస్మిన్. అక్కడికి బ్యాండు సరిగా వినపడనే లేదు. కొట్లవాళ్లు అప్పటికే తేరు చూసేసి లోపలికి వెళ్లిపోయారు. మొదట్లో జాస్మిన్‌కి కాస్త చిన్నతనంగానే అనిపించింది.

అంతలో ఒక కొవ్వొత్తి ఆరింది. పిల్లాడు బిక్కమొహం వేసుకుని పక్కకి వచ్చాడు. జాస్మిన్ లాంతరు అద్దం పైకెత్తి వెలిగించింది. "పద, పరిగెత్తు" అంది. వాడు నవ్వుతూ వరసలో కలిశాడు. ఆ తర్వాత ఇంకొకరు. కీర్తి కొవ్వొత్తి అయితే మాటిమాటికీ ఆరిపోయింది. అది కావాలనే ఊదేసుకుంటోందని జాస్మిన్‌కి అనుమానం వచ్చింది గానీ ఏమీ అనలేదు.

జాస్మిన్ వాళ్ల వీధి వచ్చింది. తేరు అప్పటికే దాటిపోయింది. మామ్మ దణ్ణం పెట్టుకుని, గోడ పట్టుకుని, లోపలికి వెళ్లడానికి లేస్తోంది.

"మామ్మా, ఆగు!"

మామ్మ తిరిగి చూసింది. ముందు లాంతరుని చూసింది, తర్వాత మనవరాలిని.

"రా మామ్మా, నడుద్దాం."

"పిచ్చి పిల్లా, నా నడకతో ఎక్కడే? వరస ఎల్లిపోతంది, ఎల్లు."

"వెళ్తే వెళ్లనీ. చివర నడిచేది నేనే కదా. నన్ను దాటి నువ్వు ఎలా వెనకబడతావు?"

మామ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చెప్పులు వెతుక్కుని అరుగు దిగింది. కీర్తి వెంటనే తన కొవ్వొత్తి ఆమె చేతిలో పెట్టింది.

"ఆరిపోయింది మామ్మా. ఏం పర్లేదు, అక్క ఎలిగిత్తాది."

జాస్మిన్ వెలిగించింది. మామ్మ ఒక చేత్తో కీర్తి భుజం పట్టుకుని అడుగు తీసి అడుగు వేసింది. వరస అప్పటికే చాలా దూరం వెళ్లింది. వీధి మలుపు దగ్గర ఇత్తడి సిలువ మెరిసి మాయమైంది. మామ్మ కంగారుగా జాస్మిన్ వైపు చూసింది.

మలుపు అవతల విజిల్ మోగింది. సిలువ మళ్లీ ఇటువైపు వచ్చింది. దాని పక్కనుంచి నవీన్ తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. చెయ్యి పైకెత్తాడు. పిల్లల వరస మొత్తం ఆగింది.

"మనకోసమే ఆగేరే!" అంది మామ్మ, చిన్నపిల్ల గొంతుతో.

"అవును మామ్మా. కంగారు లేదు, నెమ్మదిగా రా" అంది జాస్మిన్. లాంతరుని కాస్త కిందికి దించి, మామ్మ అడుగు పడే చోట వెలుగు పడేలా పట్టుకుంది.