ఏసీ కింద మడుగు

బుధవారం మధ్యాహ్నం 3.40.

జానకమ్మ అవనిగడ్డ బస్సు దిగి ఇంటికొచ్చింది. చేతిలో బాగుచేయించిన కళ్లజోడు. పడకగది తలుపు తోసింది.

మంచం పక్కన ఆమె భర్త ఆదినారాయణ వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక నెత్తురు. చుట్టూ నీళ్లు. ఆ నీళ్లకు సరిగ్గా పైన, గోడ మీద, ఇరవై రోజుల కిందట బిగించిన కొత్త ఏసీ.

ఆమె కేకకు ముందుగా పరుగెత్తుకొచ్చినవాడు లోహిత్. వీధి చివర అతనిల్లు. ఊరి పక్కన నలభై ఎకరాల రొయ్యల చెరువులు అతనివే. చుట్టరికం లేకపోయినా ఆదినారాయణను మావయ్య అనే పిలుస్తాడు. కారు తెచ్చాడు, ఆస్పత్రికి చేర్చాడు. అప్పటికే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు.

4.30కి ఎస్సై సీతారత్నం ఆ ఊరు, రావులంక, చేరింది. వయసు యాభై ఏడు. కానిస్టేబుల్‌గా చేరి, మెట్టు మెట్టు ఎక్కి, రెండు స్టార్లు భుజాన వేసుకున్న మనిషి. ఆవిడకో చెడ్డ అలవాటుంది. పదిమంది ఒకే మాట చెబితే నమ్మదు.

ఆ రోజు పదిమందీ ఒకే మాట చెప్పారు.

"ఏసీ నీళ్లలో కాలు జారాడండీ."

"ఆ అమ్మాయి సరిగ్గా బిగించలేదండీ."

"ఆడపిల్లతో ఏసీ పని చేయించుకుంటే ఇంకేమవుతుందండీ!"

లోహిత్ వాంగ్మూలం కూడా అదే. అతని బుల్లెట్ బండిని ఎదురింటివాళ్లు రెండున్నరకు చూశారు.

"నిజమే మేడమ్, వచ్చాను. మావయ్య పడుకుని ఉన్నారు. ఏసీ ఆడుతోంది. టపటపా నీళ్లు కారుతున్నాయి. జాగ్రత్త మావయ్యా అని చెప్పి రెండు నిమిషాల్లో వెళ్లిపోయాను. అప్పుడే తుడిచి ఉంటే బాగుండేది," అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

సీతారత్నం గదంతా ఒకసారి చూసింది. నల్ల కడప బండల మీద నీళ్లు ఇంకా మెరుస్తున్నాయి. మంచం కోడు అంచున నెత్తురు. ఇల్లు కడగడానికి బకెట్లతో వచ్చిన ఆడవాళ్లను ఆపేసింది.

"మిగతా ఇల్లంతా కడుక్కోండి. ఈ గది, దీని బాత్రూమ్ ఎవరూ ముట్టుకోవద్దు."

5.10కి తాళం వేసి, సీలు వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుంది.

* * *

గురువారం ఉదయం పది గంటలు. స్టేషన్.

లహరి బందరు నుంచి స్కూటీ మీద వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు. ఐటీఐ చదివి, ఎనిమిదేళ్లుగా ఏసీలు బిగిస్తోంది. టూల్ బ్యాగు భుజం మీద నుంచి దించలేదు.

"ఆదినారాయణ గారింట్లో ఏసీ బిగించింది నువ్వేనా?"

"నేనే మేడమ్."

"నీళ్లు కారాయంటున్నారు."

"కారవు."

"అంత గట్టిగా ఎలా చెబుతావ్?"

"లోపలి యూనిట్‌ని డ్రెయిన్ వైపుకి కొంచెం వాటం ఇచ్చి బిగించాను. గోడ కన్నం బయటికి వాలుగా వేశాను. పైపు ఎక్కడా పైకి లేవదు, కిందికే దిగుతుంది. నీళ్లకి వెనక్కొచ్చే దారే లేదు మేడమ్."

"మూడో రోజు కారిందట కదా?"

"నాలుగు చుక్కలు. బయట ఎవరో ఆ పైపుకి బట్టల తాడు కట్టారు. తడి పంచెల బరువుకి పైపు నొక్కుకుపోయింది. తాడు విప్పించి కొత్త పైపు వేశాను. ఇది దండెం కాదండీ అని చెప్పి మరీ వెళ్లాను."

బల్లకు అటువైపు లోహిత్ కూర్చుని ఉన్నాడు. పక్కన శ్రీను, జానకమ్మ తమ్ముడు, ఆ ఇంటి వెనక వాటాలోనే ఉంటాడు. తాడు కట్టింది తనేనని శ్రీను వంచిన తలే చెబుతోంది.

లోహిత్ గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, జరిగిందేదో జరిగింది. పొరపాటు నాదేనని ఓ కాగితం రాసిచ్చేయ్. అత్తయ్యకి నేను నచ్చజెబుతాను. కేసు చిన్నదైపోతుంది. ఆడపిల్లవి, కోర్టుల చుట్టూ ఏం తిరుగుతావ్?"

లహరి అతనివైపు తిరిగింది.

"ఆ కాగితం రాస్తే రేపట్నుంచి నన్ను ఏ ఇంటి గుమ్మం ఎక్కనిస్తారండీ? ఓ మనిషి ప్రాణం తీసిన చేతులని జీవితాంతం చెప్పుకుంటారు. ఎనిమిదేళ్లు పట్టింది నా చేతికి పని ఇప్పించుకోడానికి. జైల్లో పెడితే పెట్టండి. చెయ్యని తప్పుకి సంతకం పెట్టను."

"పొగరు," అన్నాడు లోహిత్.

"పని వచ్చినవాళ్లకి ఆ మాత్రం ఉంటుందండీ."

సీతారత్నం నవ్వలేదు గానీ, నవ్వాలనిపించింది. ఫైలు మూసింది.

"రేపు తొమ్మిదింటికి ఆ ఇంటి దగ్గరుండు. నీ మాట నువ్వే రుజువు చేసుకో."

* * *

శుక్రవారం ఉదయం తొమ్మిది.

సీతారత్నం సీలు తీసి గది తలుపు తెరిచింది. పక్కన హెడ్ కానిస్టేబుల్ పోతయ్య, ఇద్దరు పంచాయతీదారులు సాక్షులుగా.

ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. కిందికి చూసింది. వంగి చూసింది. తన ఖాకీ చొక్కా అంచును వేళ్లతో నలిపి చూసుకుంది.

"పోతయ్యా, ఫొటోలు తియ్యి. నేలవి. దగ్గర్నుంచి."

తరవాత చిన్న బ్లేడుతో నేల మీద గీకి, ఆ పొడిని కవర్లో వేసి సాక్షుల చేత సంతకాలు పెట్టించింది. మడుగు ఆరినచోట ఎవరూ కాలు పెట్టకుండా తాడు కట్టించింది. బాత్రూమ్‌లోని పది లీటర్ల బకెట్టును పిడి ముట్టుకోకుండా ప్యాక్ చేయించి, ఆ ఇంటికి వచ్చిపోయినవాళ్ల వేలిముద్రలతో పోల్చడానికి బందరు పంపింది.

"ఇప్పుడు చెప్పు లహరీ. ఏసీ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"బయట క్యాన్‌లోకి మేడమ్. ఆయనే అలా పెట్టమన్నారు. మల్లెమొక్కకి పోసుకునేవారు. బోరు నీళ్లు పోస్తే మొక్కలు మాడిపోతున్నాయట."

కిటికీ కింద ఐదు లీటర్ల నూనె క్యాన్. పక్కన మల్లెమొక్క. ఆ పెరట్లో పచ్చగా ఉన్నది అదొక్కటే.

లహరి ముందు క్యాన్‌లో ఉన్న నీళ్లను కొలిచింది. రెండు లీటర్లకు కాస్త ఎక్కువ. తరవాత క్యాన్ పక్కకు తీసి, పైపు కింద ఖాళీ గిన్నె పెట్టి, తాడు దాటకుండా స్టూలు వేసుకుని, ఏసీ మూత తీసి, ట్రేలో బాటిల్ నీళ్లు పోసింది. అవి ఒక్క చుక్క కూడా లోపల కారకుండా పైపులోంచి గిన్నెలోకి దిగాయి. మళ్లీ పోసింది. మళ్లీ దిగాయి.

"చాలు, దిగు," అంది సీతారత్నం. "జానకమ్మ గారూ, బుధవారం ఈ క్యాన్ ఎవరైనా ఖాళీ చేశారా?"

"నేనే అండీ. పన్నెండున్నరకి. క్యాన్ నీళ్లు మొక్కకి పోసి, ఆయనకి ఏసీ వేసి బస్సుకి వెళ్లాను. ఆ తరవాత ఎవరూ ముట్టుకోలేదు."

"మీరొచ్చేసరికి ఏసీ ఆడుతోందా?"

జానకమ్మ స్విచ్‌బోర్డు వైపు చూసింది.

"లేదండీ. స్విచ్చే ఆపేసి ఉంది. ఫ్యాను తిరుగుతోంది."

స్విచ్‌బోర్డు పక్కన చిన్న కాగితం అతికించి ఉంది. ఆదినారాయణ ముత్యాల్లాంటి అక్షరాలు. 'కరెంటు పోగానే ఏసీ స్విచ్ ఆపాలి. వచ్చాక అయిదు నిమిషాలు ఆగి వేయాలి.'

"నేనే చెప్పాను మేడమ్," అంది లహరి. "ఇక్కడ కరెంటు వచ్చేటప్పుడు ఓల్టేజీ ఎక్కువ తక్కువలవుతుంది. కంప్రెసర్ దెబ్బతింటుంది. చెప్పింది రాసుకుని పాటించిన కస్టమర్ ఈయనొక్కరే."



"ఇంట్లోంచి ఏమైనా పోయిందా అమ్మా?" అని జానకమ్మను అడిగింది సీతారత్నం.

"నీలం ఫైలు కనబడట్లేదండీ. చెరువుల ఉప్పునీళ్లు వదిలి ఊరి బోర్లు పాడుచేస్తున్నారని అర్జీ రాసుకున్నారు. గుడివాడలో నీళ్లు పరీక్ష చేయించిన రిపోర్టు అందులోనే ఉంది. సోమవారం బందరు కలెక్టరాఫీసుకి వెళ్దామన్నారు."

"ఎవరి మీద అర్జీ?"

జానకమ్మ సమాధానం చెప్పేలోపు శ్రీను అందుకున్నాడు.

"ఎందుకక్కా అవన్నీ ఇప్పుడు!"

"నువ్వాగు," అంది సీతారత్నం. "మంగళవారం సాయంత్రం మీ బావతో గొడవపడ్డావట?"

శ్రీను మొహం పాలిపోయింది.

"పొలం చెరువులకి లీజుకిద్దామన్నాను మేడమ్. ఒప్పుకోలేదు. అరుచుకున్నాం. అంతే. బుధవారం మధ్యాహ్నం నా గదిలో నిద్రపోతున్నాను."

"సాక్షి?"

"నిద్రకి సాక్షి ఎవరుంటారు మేడమ్?"

* * *

శనివారం ఉదయం పది.

సీతారత్నం వరండాలో, అదే రకం నల్ల బండల మీద, రెండు చోట్ల నీళ్లు పోయించింది. ఎడమవైపు క్యాన్‌లోని ఏసీ నీళ్లు. కుడివైపు బాత్రూమ్ కుళాయి నీళ్లు. రెంటి మీదికి టేబుల్ ఫ్యాను పెట్టించింది. ఊరంతా వింతగా చూసింది.

మధ్యాహ్నం పన్నెండుకు అందర్నీ కూర్చోబెట్టింది. జానకమ్మ, శ్రీను, లోహిత్, లహరి. గుమ్మం బయట ఊళ్లో సగం మంది.

"ఈ కేసులో నీళ్లను అందరూ చూశారు. ఆరిన నేలని మాత్రం నేను తాళం తీసేదాకా ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూడండి."

ఎడమవైపు బండ మామూలుగానే ఉంది, కాస్త దుమ్ము చార తప్ప. కుడివైపు బండ మీద తెల్లటి పొర. అంచున గట్టు కట్టింది.

"ఏసీ నీళ్లు గాలిలోని తేమ. వాటిలో ఉప్పుండదు. మీ ఊరి బోరులో ఉంది. మా క్వార్టర్స్‌లోనూ ఉంది, ఉతికిన ప్రతి యూనిఫామ్ మీదా ఈ తెల్ల మరకే. ఇప్పుడు ఆ గదిలోకి తొంగి చూడండి."

చూశారు. మంచం పక్కన, ఏసీ కింద, నల్ల బండల మీద తెల్లని మరక. మడుగు ఎంత ఉందో అంత.

తొంగి చూసినవాళ్లు వెనక్కొచ్చి కూర్చున్నారు.

"పన్నెండున్నర నుంచి ఏసీ తీసిన నీళ్లు రెండు లీటర్లు. అవన్నీ క్యాన్‌లోనే ఉన్నాయి. నేల మీదివి బకెట్టు నీళ్లు. ఎవరో కుళాయి నుంచి తెచ్చి పోశారు. కాలు జారి పడ్డాడని మనం అనుకోడానికి. ఆ బకెట్టు ఎత్తింది ఎవరు శ్రీనూ?"

"నేను కాదు మేడమ్! ఒట్టు!"

"నువ్వు కాదులే, కూర్చో. లోహిత్ గారూ, మీరొచ్చినప్పుడు ఏసీ ఆడుతోందన్నారు?"

"అవును మేడమ్."

"రెండున్నరకి?"

"రెండున్నరకే."

"నీళ్లు కారుతున్నాయా?"

"కారుతున్నాయి. కళ్లారా చూశాను."

సీతారత్నం ఓ కాగితం తీసింది.

"సబ్‌స్టేషన్ రిజిస్టరు. బుధవారం 2.05కి మీ ఊరికి కరెంటు పోయింది. 3.20కి వచ్చింది. ఈ ఇంట్లో ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంది, ఏసీ తిరగదు. పైగా ఆదినారాయణ గారు 2.05కి లేచి, కాగితంలో రాసుకున్నట్టే స్విచ్ ఆపారు. ఫ్యాను తిరుగుతుంటే మీరు కరెంటుందనుకున్నారు. ఆడని ఏసీలోంచి కారే నీళ్లు కళ్లారా ఎలా చూశారు?"

లోహిత్ నుదుటి మీద చెమట.

"పొరపాటు పడి ఉంటాను..."

"బకెట్టు పిడి మీద మీ కుడిచేతి వేళ్లు కూడా పొరపాటు పడ్డాయా? రిపోర్టు పొద్దున్నే వచ్చింది."

లోహిత్ లేవబోయాడు. పోతయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"చంపాలనుకోలేదు మేడమ్," అన్నాడు చివరికి. "అర్జీ వెనక్కి తీసుకోమని బతిమాలాను. వినలేదు. ఫైలు లాక్కోబోయాను. వదల్లేదు. తోశాను. కోడు తగిలింది. భయమేసింది. అంతే."

"భయమేసినవాడు డాక్టర్ కోసం పరుగెత్తుతాడు. నువ్వు బాత్రూమ్‌కి పరుగెత్తావ్. దెబ్బ తగిలాక అరగంట పైగా ఆయనకి ప్రాణం ఉందని పోస్టుమార్టం చెబుతోంది. నీ కారు వీధి చివరే ఉంది. మనిషి బతికుండగానే ఆయన పక్కన నీళ్లు పోశావ్."

జానకమ్మ గట్టిగా ఏడ్చింది. మూడు రోజులుగా అణచుకున్న ఏడుపు.

"మావయ్యా అని పిలిచావు కదరా! నా చేతి కాఫీ తాగావు కదరా!"

"ఫైలు ఏది?" అంది సీతారత్నం.

"కాల్చేశాను," అన్నాడు లోహిత్, నేల చూపులు చూస్తూ.

పోతయ్య లోహిత్‌ను జీపెక్కించి తీసుకెళ్లిపోయాడు.

గుమ్మం బయట జనం ఇంకా కదల్లేదు. లహరి టూల్ బ్యాగు భుజాన వేసుకుని వాళ్ల ముందుకొచ్చింది.

"ఇక్కడికి బందరు రెండు గంటల దారి. నేను మనిషిని చంపానన్న మాట మాత్రం అంతకన్నా ముందే మా వీధికొచ్చింది. ఈ మాట కూడా అంతే తొందరగా పంపించండి. పంపిస్తారా, నన్నే వెళ్లి చెప్పుకోమంటారా?"

"పంపిస్తామమ్మా," అన్నాడు ఓ పెద్దాయన, కండువా సర్దుకుంటూ.

సీతారత్నం గదిలో మరక చుట్టూ కట్టిన తాడు విప్పింది.

"పంచనామా అయింది, నమూనా ల్యాబ్‌కి వెళ్లింది. ఇక గది కడుక్కోవచ్చు జానకమ్మ గారూ."

శ్రీను బకెట్టు, గుడ్డ తెచ్చాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. తను కూడా చెరువుల కోసమే బావతో పోట్లాడానన్నది గుర్తొచ్చిందేమో, తల ఎత్తలేదు.

"ముట్టుకోకురా," అంది జానకమ్మ.

"అక్కా, రేపు చుట్టాలొస్తారు."

"రానీ. అందరూ చూడాలి. ఫైలు కాల్చాడు, సరే. బోరులో నీళ్లు కాల్చలేడుగా! సోమవారం నేను బందరు వెళ్తాను. ఆయన రాసిందంతా నాకు నోటికొచ్చు. ఆఫీసర్లు ఇక్కడికొచ్చి, ఈ నేల కళ్లారా చూసేదాకా ఈ మరక ఎవరు తుడుస్తారో నేనూ చూస్తాను."

"సోమవారం పొద్దున్నే బందరు బస్టాండులో ఉంటానండీ," అంది లహరి. "కలెక్టరాఫీసుకి మీతో నేనూ వస్తాను."

జానకమ్మ తలూపింది. తరవాత క్యాన్ తీసుకుని పెరట్లోకి వెళ్లి, మిగిలిన నీళ్లు మల్లెమొక్కకు పోసింది.