సుర్రయ్యా పడిపోయిన కోర్టు

గల్ఫ్‌లో, అబూ హమూర్‌లోని ఆ ఇంట్లో ఆదివారం ఎప్పటిలాగే తెల్లవారింది. పర్వీన్ ఉగ్గాని చేయడానికి తడిపిన బొరుగులు పిండుతోంది. ఆమె భర్త మహబూబ్ బస్సు డ్యూటీకి తయారై టీ తాగుతున్నాడు. అంతలో పర్వీన్ స్నేహితురాలు రమీజా ఫోన్ చేసింది. రమీజా కూతురూ, పర్వీన్ కూతురు జైబా చదివే కాలేజీలోనే చదువుతోంది.

ఫోన్ పెట్టేసరికి పర్వీన్ ముఖం పాలిపోయింది.

"మీ కాలేజీ వాలీబాల్ లీగు మారుతాందంట. నిజమేనా?" అని కూతురిని అడిగింది.

బూట్ల లేసులు కట్టుకుంటున్న జైబా ఆగిపోయింది. "నిజమే అమ్మీ. పాత లీగు వదిలి కాలేజీలన్నీ పోతాండాయి. కొత్తదాంట్లో పెద్ద యూనివర్సిటీలతో ఆడొచ్చు. ఏసీ హాలు, మంచి కోచ్‌లు. కెప్టెన్‌నని ప్రిన్సిపాల్ నన్నూ అడిగినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"పోదామనే చెప్పినా."

జైబా అక్క సుర్రయ్యా రెండేళ్ళ కిందట ఆ పాత లీగు వాలీబాల్ కోర్టులోనే సర్వ్ చేయబోతూ కుప్పకూలింది. గుండెలో లోపముందని అంతవరకూ ఎవరికీ తెలియదు. సొంతూరు కడపకు తీసుకుపోయి మట్టి చేసి వచ్చినా, పర్వీన్ మనసుకు సుర్రయ్యా ఆ కోర్టులోనే ఉంది. జైబా మ్యాచ్‌లకు వెళ్ళి సుర్రయ్యా పడిపోయిన మూలనే చూస్తూ కూర్చునేది. ఇంట్లో గిన్నె పడినా బంతి చప్పుడేమోనని ఉలిక్కిపడేది.

"మనం పోతే అది ఆడ ఒక్కతే అయిపోతాది" అంది పర్వీన్.

"అక్క ఆడ లేదమ్మీ."

"ఉండాది. నాకు తెలుసు."

జైబా లేసు వదిలేసి లేచి నిలబడింది. "నేను సర్వ్ చేసేదీ ఆ మూల నుంచే. బంతి ఎత్తితే చాలు, నువ్వు కొంగు నోట్లో కుక్కుకుంటావు. అబ్బా కండ్లు మూసుకుంటాడు. నేను ఆడేది మీకు కనపడదు. పడిపోతానేమో అనే చూస్తారు."

పర్వీన్ భర్త వైపు తిరిగింది. "దానికి మీరన్నా చెప్పండి."

మహబూబ్ గ్లాసు కింద పెట్టాడు. "అది చెప్పేది నిజమే. నేను దాని ఆట ఒక్కరోజూ చూసింది లేదు."

ఆ పూట ఉగ్గాని ఎవరూ తినలేదు. తర్వాత తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి.

కొత్త లీగు మొదటి మ్యాచ్‌కు మహబూబ్ ఒక్కడే వెళ్ళాడు. పర్వీన్ పాత కోర్టుకు పోయి తన చోటులో కూర్చుంది. నెట్ విప్పేశారు. వేడిగాలికి ఇసుక కొట్టుకొచ్చి ఆ మూల గీత కప్పేసింది. బంతి చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. తనను విడిచి సుర్రయ్యా ఎక్కడికో వెళ్ళిపోయిందనిపించింది. ఒక్క క్షణం కూడా ఉండలేక టాక్సీ ఎక్కింది.

మ్యాచ్ జరిగే హాల్లోకి వచ్చేసరికి జైబా సర్వ్ చేస్తోంది. నాలుక కొన పంటితో నొక్కిపట్టి, గాల్లోకి ఎగిరి బంతిని కొట్టింది. ఈ పిల్ల ఇంత ఎత్తు ఎగరగలదని పర్వీన్‌కు ఇన్నాళ్ళూ తెలియదు. పక్కన మహబూబ్ కళ్ళు తెరిచే ఉన్నాడు.

ఆట అయ్యాక జైబా చెమటతో వచ్చి తల్లి పక్కన కూలబడింది.

"పాత కోర్టుకాడికి పోయింటి" అంది పర్వీన్. "అక్క ఆడ లేదే. యాడికి పోయిందో."

జైబా తల్లి చేయి పట్టుకుంది. "పాత కోర్టులో అక్క నాకు పడిపోతా ఉన్నట్టే కనపడేది అమ్మీ. ఈరోజు బంతి ఎత్తినప్పుడు ఎనక నుంచి అక్క 'కొట్టవే' అన్నట్టు ఇనపడింది. నవ్వుతా అనింది."

పర్వీన్ కూతురి తలను గుండెకు అదుముకుని, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చింది.