గోడౌన్ల వెనక కుంటలో టక్… టక్

గోడౌన్ల వెనక కుంట మంచిది కాదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. చీకటి పడ్డాక అటు వెళ్లినవాళ్లెవరూ కులాసాగా తిరిగి రాలేదట. ఒకతను ఒంటి చెప్పుతో వచ్చాడు. ఇంకొకతను సైకిలు అక్కడే పడేసి వచ్చి, మర్నాడు ఎవరో తెచ్చిస్తే అసలది తనది కాదన్నాడు.

ఏముందక్కడ అంటే… తెల్లటి తలలు. నీళ్ల మీదికి వంగిన కొమ్మలకి వేలాడుతూ ఉంటాయి. మొండేలు లేవు. వాటి మధ్యనుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు. తలుపు సంగతి అటుంచండి, అక్కడ గోడే లేదు.

ఈ కబుర్లన్నీ వింటూనే ఆ కుంటకి రోజూ రాత్రి వెళ్లేవాడు ఒకడున్నాడు. టిప్పర్ డ్రైవరు. పనిలో అందరూ అతన్ని చిటపట అంటారు. రోడ్డు మీద ఎర్రలైటు పడితే ఆ లైటు మీద కూడా కోపమే. భయమేస్తే మనకి చెమట పడుతుంది. చిటపటకి కోపం వస్తుంది.

అతని పనేమిటంటే, కూల్చిన ఇళ్ల రాళ్లూ రప్పలూ తెచ్చి గుట్టుగా ఆ కుంటలో పొయ్యడం. కుంట పూడిందంటే ఓనరు దాని మీద ఇంకో గోడౌను లేపుతాడు. గుట్టు వ్యవహారం కాబట్టి లైట్లు వెయ్యకూడదు. చీకట్లో అద్దాలు ఎందుకూ పనికిరావు. అందుకని వెనక నిలబడ్డ క్లీనరు బండి రేకు మీద కొడుతుంటాడు. ఒక దెబ్బ పడితే రమ్మని. రెండు పడితే ఆగమని. ఆ రెండో దెబ్బకి డ్రైవరు కాలు తనంతట తనే బ్రేకు మీదికి పోతుంది. చిటపట నిద్రపోతుంటే మంచంకోడు మీద రెండుసార్లు కొట్టి, కుడికాలు టక్కున చాచుకోవడం చూసి వాళ్లక్క పడీపడీ నవ్వేది.

నవ్వేది అంటున్నానంటే ఇప్పుడు నవ్వడం లేదని. అక్క కాలేజీలో జంతుశాస్త్రం చెప్తుంది. వానాకాలం వస్తే చాలు, మోకాళ్లదాకా బూట్లేసుకుని, టార్చి పట్టుకుని కుంటల వెంట తిరుగుతుంది. ఏ కప్ప ఎక్కడ అరుస్తోంది, ఎక్కడ అరుపు ఆగిపోయింది — అదీ ఆమె ధ్యాస. ఈ ఏడాది ఆగిపోయినవే ఎక్కువ.

"గోడౌన్ల వెనక కుంట సగం పూడ్చేశారు," అంది ఆ సాయంత్రం, తమ్ముడి కంచంలో అన్నం వడ్డిస్తూ. వడ్డించడం కాదది, విసరడం. "ఎవడో దొరకనీ. ఎదురుగా నిలబడి అడుగుతా."

"పాపం, ఎవడి బతుకుతెరువో అక్కా."

"బతుకుతెరువైతే పగలు రావచ్చుగా. దొంగలా లైట్లార్పుకుని రావడమెందుకు?"

చిటపటకి పొలమారింది. తమ్ముడు హైవేకి కంకర తోలుతున్నాడని ఆమె నమ్మకం.

"నెమ్మదిగా తిను," అంది అక్క. "నిన్నేమన్నాను?"

ఆమె బూట్లు సంచీలో పెట్టుకుని, స్నేహితురాలింటికని చెప్పి వెళ్లిపోయింది. కాసేపటికి ఓనరు ఫోను. ఈ రాత్రి లోడు పడకపోతే రేపటినుంచి బండి ఇంకొకడికి ఇచ్చేస్తానన్నాడు. చిటపట పళ్లు నూరుతూ క్లీనరు బాబాయ్ దగ్గరికి పోయాడు.

"నేను రాను," అన్నాడు బాబాయ్, దుప్పట్లోంచే. "నడుం పట్టేసింది."

"మధ్యాహ్నం వాలీబాల్ ఆడావు."

"అప్పుడే పట్టేసింది." కాస్త ఆగి, గొంతు తగ్గించి — "నిన్న నేను కొట్టకముందే ఎవరో కొట్టార్రా బండి మీద. ఒట్టు. నా చెయ్యి జేబులో ఉంది."

చిటపట తిట్టుకుంటూ ఒక్కడే బయల్దేరాడు. బాబాయ్‌ని తిట్టాడు, ఓనర్ని తిట్టాడు, మబ్బు పట్టిన ఆకాశాన్ని కూడా వదల్లేదు.

గోడౌన్ల గోడ దాటగానే లైట్లార్పేశాడు. రివర్సు వేశాడు. తల బయటపెట్టి చూస్తే… ఏమీ కనపడటం లేదు. తడిమట్టి వాసన. చక్రాల కింద ఇటుక ముక్కలు నలుగుతున్న చప్పుడు. మెల్లగా… ఇంకా మెల్లగా… ఇంకొంచెం—

టక్… టక్.

కాలు బ్రేకు మీద పడింది.

"సరే బాబాయ్," అన్నాడు అలవాటుగా.

అన్నాక గుర్తొచ్చింది… బాబాయ్ ఇంట్లో పడుకున్నాడు.

ఇంజను ఆపేశాడు. నిశ్శబ్దం. దూరంగా ఉరుము. మళ్లీ బండి వెనకనుంచే, రేకు మీదనే — టక్… టక్.

భయం వేసింది. అంటే కోపం వచ్చింది.

"ఎవడ్రా నా బండి మీద కొట్టేది?" అంటూ కిందికి దూకాడు. అక్కడితో ఆగలేదు. ఇక్కడ రాయడానికి వీల్లేని మాటలు చాలానే అన్నాడు. దెయ్యానికి అమ్మానాన్నలుంటే ఆ రాత్రి వాళ్లకి పొలమారే ఉంటుంది.

మెరుపు మెరిసింది.

తలలు. కొమ్మలకి, గుత్తులు గుత్తులుగా, తెల్లగా… గాలికి కొద్దికొద్దిగా ఊగుతున్నాయి. వాటి కింద నీళ్లలో ఒక ఆకారం నిలబడి ఉంది. సరిగ్గా అతని బండి వెనకే. లోడు పడాల్సిన చోట.

మళ్లీ చీకటి.

నీళ్లు కదిలాయి… దగ్గరికొచ్చాయి. ఎవరో గుసగుసగా పిలిచారు.

"చంటీ…"

ఆ పేరు పనిలో ఎవరికీ తెలియదు. అమ్మ పెట్టిన ముద్దుపేరు. ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినపడదు. చిటపట ఉన్నచోటే కూలబడ్డాడు.

టార్చి వెలిగింది.

"తిట్లు వినగానే అనుకున్నాను," అంది అక్క. "కాకూడదని దండం పెట్టుకున్నాను."

ఆమె నడుందాకా బురద. ముఖంలో అతను ఎప్పుడూ చూడని కోపం. ఆమె అరుస్తుందేమోనని కాచుకున్నాడు. అరిచినా బాగుండేది.

"అక్కడ… అక్కడెందుకు నిలబడ్డావే?" అన్నాడు. "లోడు పోసేసేవాణ్ణి. నీ మీద పడేది."

"ఎదురుగా నిలబడి అడుగుతానన్నాగా. నువ్వే అని తెలిస్తే అన్నం దగ్గరే అడిగేదాన్ని."

"చప్పుడు చేసింది నువ్వేనా?"

అక్క టార్చి బండి వైపు తిప్పింది. వెనక తలుపు రేకుని కరుచుకుని ఉంది ఒక కప్ప. గోధుమరంగు, వేళ్ల చివర చిన్న చిన్న గుండ్రటి బిళ్లలు. బండిని చెట్టనుకుందో ఏమో. లైటు పడ్డా బెదరలేదు. గొంతు బుడగలా ఉబ్బింది.

టక్… టక్.

టార్చి పైకి లేచింది, కొమ్మల మీదికి. తలలు కావు. నురగ ముద్దలు.

"ఆ నురగలో వీటి గుడ్లున్నాయి," అంది అక్క. "నీళ్ల మీదికి వంగిన కొమ్మ చూసుకుని మరీ పెడతాయి. వాన పడితే పిల్లలు కిందికి జారతాయి, నీళ్లలోకి. ఈ రాత్రో రేపో పడుతుంది వాన. ఎక్కడ పడాల్రా అవి? నీ ఇటుక ముక్కల మీదా?"

అతను తలెత్తి కొమ్మల వైపు చూశాడు.

"ఇక్కడ మూడు కుంటలుండేవి. ఒకదాని మీద గోడౌన్లు లేపారు. ఒకదాని మీద రోడ్డేశారు. దొరికినవాటిని బకెట్లలో పట్టి ఇక్కడికి తెచ్చి వదిలింది నేనే. ఇక్కడైతే ఎవరూ రారు, దెయ్యాలంటే అందరికీ భయం కదా అనుకున్నాను." ముంజేత్తో ముఖం తుడుచుకుంది. బురద ఇంకాస్త అంటుకుంది. "మా తమ్ముడికి భయం లేదని మర్చిపోయాను."

అప్పుడే ఫోను మోగింది. ఓనరు. ఆ నిశ్శబ్దంలో అవతలి గొంతు అక్కకి కూడా వినపడుతోంది.

"లోడు పడిందా?"

చిటపట లేచి నిలబడ్డాడు. నీళ్లలో అక్క. ఆమె కాళ్లకి అటూ ఇటూ నిన్న తను పోసిన గోడముక్కలు, వాటిలో ఒకదానికి ఇంకా నీలం సున్నం. కోపం మళ్లీ వచ్చింది. ఈసారి అది సరైన చోటికే వచ్చింది.

"పడలేదు. ఇక్కడ పడదు కూడా. మీ ఇంటి ముందు దింపమంటే ఇప్పుడే వస్తాను."

"రేపు నీకు బండి లేదు, తెలుస్తోందా?"

"తాళాలు కూడా లోడుతోనే ఇస్తాను."

అవతలనుంచి వెటకారంగా ఒక నవ్వు. "ఏరా, దెయ్యాన్ని చూసి జడుసుకున్నావా?"

"అవునండీ," అన్నాడు చిటపట. "మా అక్క."