గాజుల మోరీ దగ్గర డైరెక్టర్ సైదయ్య

కోదాడ నుంచి మేళ్లచెరువు వైపు పోయే పాత రోడ్డు మీద ఒక మోరీ ఉంది. కింద రెండు తూములు, పైన రోడ్డుకు అటొకటి ఇటొకటి మోకాలెత్తు గోడలు – చూడ్డానికి అంతే. కానీ రాత్రి పది దాటిందంటే దాని మీదుగా ఒక్క బండి పోదు. ఎవరికీ దారివ్వని సిమెంటు లారీలు సైతం ఆరు కిలోమీటర్లు చుట్టు తిరిగి కొత్త రోడ్డు పట్టుకుంటాయి.

ఎందుకంటే... గాజులు.

మనిషి కనపడదు. వెనక నుంచి గలగలమంటాయి – ఆగుతాయి. మళ్లీ గలగల – ఈసారి కాస్త దగ్గరగా. మూడోసారి మరీ దగ్గరగా. ఆ తర్వాత ఏమవుతుందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు, అందరూ గొంతు తగ్గించే చెప్తారు.

ఆ దెయ్యం సంగతి చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని పుట్టించిందెవరో మాత్రం ఒక్కడికే తెలుసు. ఆయనే సినిమా డైరెక్టర్ సైదయ్య.

పద్నాలుగు సస్పెన్స్ సినిమాలు తీసి, ఒక్క దాంట్లో కూడా దెయ్యాన్ని చూపించకుండా జనాన్ని వణికించిన మనిషి. "తలుపు చూపించు, తలుపెనక ఏమున్నదో చూపించకు" అని ఆయన ఎప్పుడో అన్న మాటను ఇప్పటి కుర్ర డైరెక్టర్లు మంత్రంలా వల్లిస్తారు. ఈ విద్య ఎక్కడ నేర్చారని టీవీ వాళ్లు అడిగితే ఆయన ఫారిన్ పేర్లు నాలుగు చెప్పి కాలు మీద కాలేసుకునేవాడు.

అబద్ధం. ఆయన నేర్చుకున్నది లారీలో.

పద్దెనిమిదేళ్లప్పుడు సైదయ్య, మత్తయ్య అనే డ్రైవర్ దగ్గర క్లీనరు. మేళ్లచెరువులో సిమెంటు ఎత్తుకుని రాత్రంతా ప్రయాణం. క్లీనరు అసలు పని అద్దాలు తుడవడం కాదు, డ్రైవర్‌ను నిద్రపోనివ్వకపోవడం. కథ కాస్త చప్పబడిందా – మత్తయ్య తల స్టీరింగ్ మీదికి, లారీ పొలంలోకి! అలా ప్రాణం అరచేతిలో పెట్టుకుని కథ చెప్పినవాడికి సస్పెన్స్ రాక ఏమవుతుంది? ఒక రాత్రి ఈ మోరీ దాటుతుంటే నోటికొచ్చినట్టు అల్లేసిందే ఆ గాజుల దెయ్యం.

అదంతా బాగానే ఉంది. ఇప్పుడు ఆయన కష్టం వేరు. చివరి మూడు సినిమాలూ పోయాయి. పోతే పోయాయి, జనం నవ్వారు! మిర్యాలగూడ థియేటర్లో తలకు తువ్వాలు చుట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడాయన. హీరోయిన్ వణుకుతూ గొళ్లెం మీద చెయ్యి వేసింది. హాలంతా నిశ్శబ్దం. ముందు వరసలోంచి ఎవడో – "తియ్యమ్మా తియ్యి, లోపటేం లేదు, మాకెర్కే!" అన్నాడు. ఇక చూడండి, హాలు పగలబడింది. ఆ రాత్రి సైదయ్య ఏడ్చాడు.

సూర్యాపేట ప్రొడ్యూసర్ కృష్ణమూర్తి గారు సొంతానికి మిల్లున్న మనిషి, మాట నాన్చే రకం కాదు. "సైదయ్యా, రేపు పొద్దుగాల తొమ్మిదింటికి రా. ఒక్కటంటే ఒక్క సీను చెప్పు. నాకు భయమైతే సినిమా ఉంటది. నవ్వొచ్చిందో... ఖతం. ఇంకో పిలగాన్ని పెట్టుకుంట" అన్నాడు.

ఒక్క సీను. ఆర్నెల్లుగా కాగితం మీద ఒక్క ముక్క పడలేదు. తనకే భయం వేసి ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు లేదు. అందుకే ఆ అర్ధరాత్రి, దిక్కుతోచక, కిరాయి కారు మాట్లాడుకుని గాజుల మోరీకి బయల్దేరాడు.

మోరీ ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే డ్రైవర్ రవి బ్రేకు వేశాడు.

"ఇంకా ముందుకు నా వల్ల కాదు సార్. మీకు తెలీదు, అది మామూలు దెయ్యం కాదు."

"నాకు తెల్వకపోవుడేంది! గాజులు మూడుసార్లు మోగుతయి. అంతే గదా?"

"అంతే అంటారేంటి సార్! మూడోసారి అయ్యాక టైమ్ అడుగుద్ది."

"ఏం అడుగుతది?"

"టైమ్ ఎంతయింది అని..." రవి గొంతు గుసగుసలోకి దిగింది. "ఎవర్ని అడిగితే వాళ్ల చివరి ఘడియ తెలుసుకోడానికంట."

సైదయ్యకు ఒళ్లు మండిపోయింది. "ఎవడు పెట్టిండు ఆ డైలాగు? నా దెయ్యం మాట్లాడదు!"

రవికి ఏమీ అర్థం కాలేదు. సైదయ్య అప్పటికే తలుపు ధడేల్మని వేసి చీకట్లోకి నడిచాడు. ఆయన సినిమా ఆయనకు చెప్పకుండా కత్తిరించినప్పుడు కూడా అంత కోపం రాలేదు.

చంద్రుడు లేడు. రోడ్డు మీద, ఓ పక్కగా, నల్లగా ఏవో పరుచుకుని ఉన్నాయి. సెల్లు లైటు వెయ్యలేదు – వెలుతురు వస్తే భయం చస్తుందని శిష్యులకు చెప్పేవాడు మరి. తడుముకుంటూ వెళ్లి మోరీ గోడ మీద కూర్చున్నాడు.

గాలి లేదు. కప్ప కూడా అరవడం లేదు.

గల... గల.

సైదయ్య మనసులోనే మార్కులు వేశాడు. సౌండు బాగుంది. మట్టిగాజులే.

గలగల... దగ్గరగా.

గ్యాపు కూడా సరిగ్గా ఉంది. ఎవడో కుర్రాడు నా సినిమాలు చూసి...

గలగల!

ఈసారి సరిగ్గా కాళ్ల కింద.

అప్పుడు తట్టింది ఆయనకు. ఇది తను అల్లిన అబద్ధం. లారీలో, నోటికొచ్చినట్టు. మరి అబద్ధానికి గాజులెవరు తొడిగారు? వీపు మీద చెమట చల్లగా దిగింది. నిశ్శబ్దం... ఇంకా నిశ్శబ్దం... గోడ వెనక నుంచి, చెవికి జానెడు దూరంలో, అలిసిపోయిన ఆడగొంతు –

"టైమ్... ఎంతయింది...?"

ఆ డైలాగు స్క్రిప్టులో లేదు అందామనుకున్నాడు. ఈలోపే కాళ్లు ఆయన్ని అడక్కుండానే పరుగెత్తాయి. పదడుగులు కూడా పోలేదు – కింద ఏదో జారింది. పాదాలు చీలమండల దాకా దిగబడ్డాయి. వేల గోళ్లు ఒక్కసారిగా కాళ్లను పట్టి గీరుతున్నాయి! బోర్లా పడ్డాడు. వెనక నుంచి దెయ్యం కెవ్వున అరిచింది –

"ఓరి నీ పాడుగాను! వడ్లు తొక్కకురో!"

బ్యాటరీ లైటు వెలిగింది. తలకు తువ్వాలు, చేతిలో సుతిలి తాడు, యాభయ్యేళ్ల ఆడమనిషి. తాడు రెండో కొస మోరీ కింద గాజుల గుత్తికి కట్టి ఉంది, లాగినకొద్దీ అది దగ్గరికొస్తుంది.

"దెయ్యం... నువ్వేనా?" అన్నాడు సైదయ్య, నోట్లోంచి వడ్లు ఊస్తూ.

"ఇయ్యాల నేను. రేపు బీరన్నోళ్ల వంతు."

ఆమె పేరు రూతమ్మ. యాసంగి పంట వడ్లు ఎండబెట్టడానికి వాళ్ల ఊరికి ఆ రోడ్డు తప్ప కల్లం లేదు. రాత్రిళ్లు లారీలు వాటి మీదుగా పోయి పిండి చేసేవి. రాళ్లు పెట్టి చూశారు, డ్రైవర్లను బతిమాలి చూశారు, లాభం లేకపోయింది. చివరికి దెయ్యాన్ని దించారు. మడికి నీళ్ల వంతు ఉన్నట్టే ఇంటింటికీ దెయ్యం వంతు.

"అది సరే. టైమెందుకు అడుగుతవ్?" సైదయ్య ఇంకా ఆ డైలాగు బాధలోంచి తేరుకోలేదు.

"తెల్వాలె గదా సారూ! నా వంతు రెండింటి దాంక. ఫోన్ల చార్జింగ్ ఉండదాయె. ఎవలన్న దొరికితే అడుగుత. ఇన్నేండ్ల సంది ఒక్కడు సెప్పలే, అందరు పరారే. నువ్వు మూడుసార్లకు గూడ ఉరకకపోతివి, ధైర్యమున్నోడు దొరికిండు, టైమన్న సెప్తడనుకున్న."

సైదయ్య ఫోన్ చూశాడు. "ఒంటిగంట ఇరవై."

"నీ కడుపు సల్లగుండ!" అంది రూతమ్మ మనస్ఫూర్తిగా.

"గీ గాజుల కథ నీకెవలు సెప్పిన్రు?"

"మా నాయిన. మత్తయ్య అని, లారీ డ్రైవరు. ఆయన కాడ ఒక క్లీనర్ పిలగాడు ఉండెనంట, రాత్రయితే దెయ్యాలే దెయ్యాలంట."

సైదయ్య ఛాతీ కొంచెం పైకి లేచింది. "మత్తన్న మస్తు భయపడేటోడు గదా?"

"భయమా! నవ్వు ఆపుకోలేక సచ్చేటోడు! నవ్వాపుకునుడుకే నిద్ర రాలేదంట. ఇంటికొచ్చి మాకు సెప్పి పడి పడి నవ్వెటోడు."

"మరి... నా ముందట నవ్వలేదేంది?"

రూతమ్మ లైటు ఆయన మొహం మీద వేసింది. "నువ్వా అన్నా, గా పిలగాడివి!" గొంతు మెత్తబడింది. "నవ్వితే చిన్నబోయి సెప్పుడు బంద్ జేస్తవని నవ్వలేదంట. పిలగాడు మంచోడు, మనసు నొప్పిస్తనా అనెటోడు."

సైదయ్య వడ్ల మీదే కూలబడ్డాడు. పద్నాలుగు సినిమాల గర్వం ఒక్క మాటతో జారిపోయింది. మత్తయ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ప్రేమ పొంగుకొచ్చింది. భయం ఇంకా పూర్తిగా దిగలేదు, కడుపులోంచి నవ్వు తన్నుకొస్తోంది. రెండూ ఒకేసారి రావడం ఆయనకదే మొదటిసారి. అలాగే నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ కృష్ణమూర్తి గారికి ఫోన్ కొట్టాడు.

నిద్రమత్తులో తిట్లు అయ్యాక చెప్పడం మొదలుపెట్టాడు. చీకటి, గోడ, గాజులు... అవతల ఎవరూ నవ్వలేదు. టైమ్ ఎంతయింది అన్న దగ్గర ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు.

"...ఆ తర్వాత?" కృష్ణమూర్తి గారు మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు. "ఎవలది ఆ గొంతు?"

చెప్పడానికి సైదయ్య నోరు తెరిచాడు. రూతమ్మ గబుక్కున మణికట్టు పట్టుకుని చెవిలో అంది –

"సెప్పకన్నా... వడ్లింక వారం ఎండాలె!"

సైదయ్య నోరు మూశాడు.

"సైదయ్యా! లైన్ల ఉన్నవా? ఇంట్ల ఒక్కన్నే ఉన్ననయ్యా, జర సెప్పు!"

"సినిమా ఉన్నట్టేనా సార్?"

"ఉన్నదయ్యా, ఉన్నది! ముందు ఆ గొంతు ఎవలదో –"

సైదయ్య ఫోన్ కట్ చేశాడు.