తలుపు తీసే ఉంది

మధ్యాహ్నం భోజనాల వేళ. అంబులెన్స్ కంట్రోల్ రూములో ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. బయట ముసురు. ఏసీ గొణుగుతోంది. తడిసిన కార్పెట్ వాసన వేస్తోంది.

ఫోన్లు తీసే అమ్మాయి కుర్చీ ఖాళీగా ఉంది. పోయిన వారమే ఆమె ఉద్యోగం ఊడబీకారు. తప్పు ఎవరిదయ్యా అంటే, ఈ మహానుభావుడిది! ఇంటి నంబరు, వీధి, ఇంటి దగ్గరి గుర్తు అని కంప్యూటర్లో మూడు కాలమ్‌లు. ఆ మూడింటినీ కలిపి వేరియబుల్ అనే ఒక డబ్బాలో పెట్టి డ్రైవరు తెర మీదికి పంపే క్వెరీ, అంటే కంప్యూటరుకిచ్చే ఆదేశం, ఇతను రాసిందే. ఒక్క కాలమ్‌లో ఏమీ లేకపోయినా మొత్తం చిరునామా మాయమైపోతుందని ఇతనికి తెలుసు. రేపు చూద్దాంలే, ఎల్లుండి చూద్దాంలే అన్నాడు. ఈలోగా ఇంటి నంబరు లేని ఒక ముసలావిడ ఆయాసపడుతూ ఫోన్ చేసింది. అమ్మాయి వీధీ, గుర్తూ సరిగ్గానే ఎక్కించింది. డ్రైవరుకు మాత్రం ఖాళీ తెర కనిపించింది. తలుపు తీసి పెట్టుకుని, ఎదురుచూస్తూనే పోయింది ఆ తల్లి.

"అమ్మాయే సరిగ్గా ఎక్కించలేదు" అని పైవాళ్లకు చెప్పి చేతులు దులిపేసుకున్నాడు. సిగ్గులేని మనిషి!

ఇప్పుడు తీరిగ్గా దిద్దుతున్నాడు. ఒక కాలమ్ ఖాళీగా ఉన్నా మిగతావి కలిసేలా మార్చాడు. పరీక్ష కోసం పెట్టుకున్న చిరునామాల పట్టికలో ఒక్క వరుస కూడా లేదు. క్వెరీ నడిపాడు. ఖాళీగా ఉండాల్సిన తెర మీద ఒక మాట వచ్చింది.

'తలుపు తీసే ఉంది.'

వేరియబుల్‌లో పాతదేదో మిగిలిపోయి ఉంటుందనుకున్నాడు. తుడిచేసి మళ్లీ నడిపాడు.

'తలుపు తీసే ఉంది, పాలబూత్ వెనక.'

గదిలో ముసలివాళ్లు రాసుకునే నొప్పుల తైలం వాసన... ఎవరో పక్కనే ఆయాసపడుతున్నట్టు చప్పుడు...

పాలబూత్ వెనక ఉన్నది తన ఇల్లు. ఇంట్లో నిండు నెలల భార్య ఒక్కతే ఉంది.

ఇంటికి ఫోన్ చేశాడు. మోగింది... మోగుతూనే ఉంది... ఎవరూ ఎత్తలేదు. ఈలోగా, తను ముట్టుకోకుండానే, తెర మీద ఇంకో మాట వచ్చి చేరింది.

'ఎక్కాం.'

అంబులెన్స్ డ్రైవరుకు ఫోన్ కలిపాడు.

"బాబాయ్... ఎక్కడున్నావ్?"

"మీ ఆవిడనే తీసుకెళ్తున్నా సార్. నొప్పులొచ్చాయి. అడ్రసు తెర మీద చక్కగా వచ్చింది. కంగారు పడకండి, పెద్దావిడ తోడుంది. మీ ఆవిడ చెయ్యి అసలు వదలట్లేదు."

"మా ఇంట్లో పెద్దావిడెవరూ లేరు బాబాయ్" అన్నాడు గుసగుసగా. "ఆసుపత్రికి ఇంకెంత దూరం?"



"ఆసుపత్రి ఎప్పుడో దాటేశాం సార్..." డ్రైవరు గొంతు తగ్గించాడు. "పెద్దావిడే దారి చెబుతోంది."