లొకేషన్ సరిగ్గానే ఉంది

ఆఫీసు లిఫ్ట్ రావడం లేదు. మెట్లే గతి!

రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు తమ్ముడు. ఆయాసం... ఫోన్ చెవి దగ్గరే.

"అక్కా! ఆల్బమ్‌లో ఫోటోలన్నిటి మీదా నువ్వున్న ఇంటి లొకేషనే ఉంది!"

"నువ్వు మార్చావు కదరా?"

"మార్చాను... మళ్లీ మారిపోయాయి!"

అక్క ఒక హత్యను కళ్లారా చూసింది. రేపే కోర్టులో సాక్ష్యం. ఆమె నోరు మూయించడానికి పిల్లి అనే హంతకుడు తిరుగుతున్నాడు. చప్పుడు లేకుండా వస్తాడని వాడికా పేరు.

అమ్మ ఫోన్ కొట్టేసింది కూడా వాడే. అందులో ఇంట్లో అందరూ ఫోటోలు పెట్టే ఫ్యామిలీ ఆల్బమ్ ఉంది. అది తెలిసే, తమ్ముడు ఆల్బమ్ మూయలేదు. అక్క పంపే తన పాప ఫోటోలకు దొంగ లొకేషన్లు తగిలించాడు. ఒకటి కొండ మీద, ఒకటి రేవులో... నెల రోజులుగా పిల్లిని మూడు చెరువుల నీళ్లు తాగించాడు.

పేపర్ ఆఫీసులో తమ్ముడి ఉద్యోగమే అది. ఫోటోల్లో తప్పు లొకేషన్లు సరిచేయడం. చేసి చేసి విసుగెత్తి, ఆ పని దానంతటదే చేసే ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నాడు.

సీట్లో కూలబడి స్క్రీన్ చూస్తాడు.

ఖర్మ!

భోజనానికి వెళ్తూ ప్రోగ్రామ్ ఆపడం మరిచాడు. అది ఫ్యామిలీ ఆల్బమ్‌లోకీ దూరింది. అక్క పంపిన అసలు కాపీలు చూసి తప్పులన్నీ బుద్ధిగా సరిచేసింది.

చేతులారా అక్కను పట్టించాడు!

"ఒరేయ్... వీధి మలుపులో కారు ఆగింది..."

"పోలీసులు?"

"పావుగంట పడుతుందట!"

ఏడవడానికి కూడా ఓపిక లేదు. పాత ఫోటో ఒకటి తీస్తాడు. ఇదే ఆఫీసు, ఇదే కుర్చీ. పాప నిద్రపోతోంది, పక్కన అక్క. తేదీ మారుస్తాడు. ఈ రోజు, ఇప్పుడే.

లొకేషన్ మాత్రం ముట్టుకోడు.

అప్‌లోడ్!

ఒక నిమిషం... రెండు...

"ఒరేయ్, కారు వెనక్కి తిరిగింది!"

కళ్లు మూసుకుంటాడు. అక్కడి నుంచి ఇక్కడికి పిల్లికి గంట ప్రయాణం. లేచి వెళ్లిపోవచ్చు. కానీ నెల రోజుల అలసట ఒక్కసారే మీద పడింది. కాసేపు కూర్చుంటే చాలు... కాసేపే...

ఫోన్‌లో మళ్లీ అక్క గొంతు. ఉలిక్కిపడి లేస్తాడు.

"పోలీసులు వచ్చేశారు! కారునీ ఆపారట. కానీ ఒరేయ్... అందులో డ్రైవర్ ఒక్కడే ఉన్నాడట!"

ఒక్కడేనా?

అంటే ఇల్లు చూసి రమ్మని డ్రైవర్‌ను పంపాడు. పిల్లి ఈ ఊరు దాటనే లేదు!

వెనక తలుపు తెరుచుకుంటుంది... చప్పుడు లేకుండా.

"మీ అక్క ఎక్కడ?"

తిరిగి చూస్తాడు. తుపాకీ. భయం వేయడం లేదు. ఎందుకో నవ్వొస్తోంది.

"ఆలస్యం చేశావు. పోలీసుల మధ్య ఉంది."

"మరి ఆ ఫోటో? అదీ దొంగదేనా?"

తమ్ముడు స్క్రీన్ వైపు చెయ్యి చూపిస్తాడు. ప్రోగ్రామ్ ఇంకా పని చేస్తూనే ఉంది. కొత్త ఫోటోనూ వదల్లేదు. తనిఖీ ముగించి ఒక ముక్క చెప్పింది.

'లొకేషన్ సరిగ్గానే ఉంది.'

ఢాం!