సున్నా గర్భిణుల ఊరు

"మా ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళు సున్నానా?" నూబియా ఆ కాగితాన్ని అతని ముక్కు ముందు ఆడించింది. "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారా సారూ?"

ఎలియేసర్ అనే ఆ కుర్రాడు కిబ్దో పట్నం నుంచి సర్వేకి వచ్చాడు. అత్రాతో నది పల్లెల్లో గర్భిణులకు వైద్యం ఏమాత్రం అందుతోందో ఇంతవరకూ ఎవరూ లెక్క తీయలేదు. అతను ఇంటింటికీ తిరిగి అడిగాడు. అందరూ లేదన్నారు. సున్నా రాశాడు.

"అడిగాను కదండీ."

"పరాయి మగాడు గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరు చెప్తారు? దిష్టి తగలదూ? మంత్రసానినని నాకొక్కదానికే చెప్తారు. సాయంత్రం ఈ సున్నా పట్నం వెళ్ళిందంటే డాక్టర్ల పడవ ఇటు రావడం మానేస్తుంది. ఎమెరీతా అక్కకి ఏడో నెల, కాళ్ళు వాచిపోయాయి. మీరు చూస్తారా వైద్యం?"

కోపంలో ఈ పిల్ల ఇంత బాగుందేమిటని అతనికి అనిపించింది.

"నా పడవెక్కండి, ఇంటింటికీ నేను తీసుకెళ్తాను," అంది నూబియా.

వాన అందుకుంది. ఉన్నది ఒకటే ప్లాస్టిక్ పట్టా. ఇద్దరూ దాని కిందే సర్దుకున్నారు. పెళ్ళికాని పిల్ల పడవలో, ఒకే పట్టా కింద కుర్రాడు కనబడితే ఆ ఊళ్ళో దానికి ఒకటే అర్థం. కబురు పడవకన్నా ముందే పోయింది.

"మంచివాణ్ణే పట్టావే," అంది మొదటి ఇంటావిడ, వేడి వేడి అరటికాయ వేపుడు అతని చేతిలో పెట్టి. "నాకు మూడో నెల, రాసుకో నాయనా."

"పేర్లు రాయనండీ, లెక్కే రాస్తాను," అన్నాడతను.

"మా నూబియా మనిషివి, ఏదైనా రాసుకో," అంది ఎమెరీతా, వాచిన కాళ్ళు చాపి చూపిస్తూ.

మధ్యాహ్నానికి పదకొండుమంది తేలారు. తిరుగుదారిలో ఎలియేసర్ పుస్తకం మూసేశాడు.

"ఇది పంపలేను. నేను మీవాణ్ణనుకుని చెప్పారు వాళ్ళు. అబద్ధం మీద తీసిన లెక్క."

నూబియా తెడ్డు ఆపింది. "కాదని మీరెందుకు అనలేదు?"

"అనబుద్ధి కాలేదు."

ఆమె తల వంచుకుంది. నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. "నాకూ కాలేదు. మరి అబద్ధమెక్కడుంది?"

అతను పుస్తకం మళ్ళీ తెరిచాడు. సున్నా కొట్టేసి పదకొండు రాశాడు. ఫారం అడుగున ఒక గడి మిగిలింది: సర్వే చేసినవారికి ఈ ఊరితో సంబంధం.

"ఇక్కడేం రాయను?"

"నిజమే రాయండి," అంది నూబియా. "అల్లుడని."